ఇంగ్లీషు వచ్చినా కొరియన్‌లోని ఇంగ్లీషు మాటలు ఎందుకు అర్థం కావు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కొరియన్ నేర్చుకోవడం మొదలుపెట్టారు. అనంతపురం వైపు ఒక కొరియన్ కంపెనీలో ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నారు. కొరియన్‌లో ఇంగ్లీషు మాటలు బోలెడు ఉన్నాయని విని సగం బరువు దిగిందనుకున్నారు. తీరా చూస్తే 'సర్వీస్' అంటే ఉచితంగా ఇచ్చేదట, 'హెల్త్' అంటే జిమ్మట, 'మీటింగ్' అంటే కాలేజీ అమ్మాయిలూ అబ్బాయిలూ పరిచయం చేసుకోవడమట. ఇదంతా తప్పుడు ఇంగ్లీషా, దీనికో పద్ధతి ఉందా, ఎలా గుర్తుపెట్టుకోవాలి, ఇంటర్వ్యూలో ఇవి వాడొచ్చా అని అడిగారు.

సూటిగా జవాబు: వాటిని ఇంగ్లీషు మాటలుగా చూడడం ఆపేయండి. అవి ఇంగ్లీషు నుంచి వచ్చి స్థిరపడిపోయిన కొరియన్ మాటలు. అర్థం మారడానికి పద్ధతి ఉంది. ఇంగ్లీషు మాట వచ్చేనాటికే ఆ అర్థానికి కొరియన్‌లో వేరే మాట ఉంటే, ఉన్న మాట చోటు వదల్లేదు. కొత్త మాట ఖాళీగా ఉన్న ఏదో ఒక చిన్న పనికి కుదురుకుంది. అందుకే కొత్త మాట ఎదురైనప్పుడు "ఇంగ్లీషులో దీని అర్థమేమిటి" అని కాకుండా "ఈ అర్థానికి కొరియన్‌లో ముందునుంచీ ఉన్న మాట ఏది" అని వెతకండి. చాలా మాటల గుట్టు అక్కడే తెలిసిపోతుంది. మిగతావాటిలో ఎక్కువ భాగం జపాన్ మీదుగా వచ్చినవి, లేదా కత్తిరించి అతికించినవి. వాటి సంగతీ చెబుతాను.

నేను కొన్నేళ్ళు కొరియాలో ఉండి వచ్చాను. ఇప్పుడు పెనుకొండ, హిందూపురం చుట్టుపక్కల విడిభాగాల కంపెనీల్లో దుబాసీగా పనిచేస్తూ కొరియన్ నేర్పుతున్నాను. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక ఇక్కడ కొరియన్ వినిపించడం మామూలైపోయింది. మీరడిగిన ప్రశ్న నా దగ్గరికి వచ్చే ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

చదివేముందు ఒక మాట. కొరియన్ పదాల్ని తెలుగు లిపిలో రాస్తున్నాను. ఖ, థ, ఫ కనిపించిన చోట ఒత్తి పలకండి. ఫ అంటే 'ఫలం'లో పెదాలు రెండూ కలిపి పలికే ఫ. 'ఫ్యాన్'లో పలికే ధ్వని కొరియన్‌లో లేదు. మన ఒత్తక్షరాలు ఇక్కడ భలే పనికొస్తాయి.

ముందు సర్వీస్. కొరియన్‌లో సొబిసు. సియోల్ శివార్లలో కొరియా పద్ధతిలో చైనీస్ వంటలు చేసే హోటల్‌కి మనవాళ్ళం నలుగురం వెళ్ళాం. అందులో ఒకబ్బాయి అప్పుడే గుంటూరు నుంచి వచ్చాడు. మేం చెప్పినవన్నీ వచ్చాక, హోటల్ నడిపే పెద్దావిడ ఇంకో ప్లేటు తెచ్చి మధ్యలో పెట్టింది. నూనెలో వేయించిన మందూ, అంటే మన కజ్జికాయ ఆకారంలో లోపల కూరిన పిండివంట. పెడుతూ "సొబిసుయేయో" అంది. ఆ అబ్బాయి గబుక్కున ప్లేటు వెనక్కి నెట్టి, మేం చెప్పలేదు, సర్వీస్ చార్జ్ కట్టం అన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపేశాడు. ఆవిడ మొహం చిన్నబోయింది. ఆమె ఇచ్చింది కొసరు. నలుగురు వచ్చి బాగా తిన్నారు కదా అని తన తరఫున పెట్టింది. దాన్ని తోసేస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. నేను క్షమాపణ చెప్పి, ప్లేటు ముందుకు లాక్కుని ఒకటి తిన్నాక గానీ ఆమె మళ్ళీ నవ్వలేదు.

కొసరుకి కొరియన్‌లో అసలు మాట లేదా అంటే ఉంది, 'దొమ్'. సంతలో ఆపిల్స్ కొంటే పైన ఇంకో రెండు వేస్తారే, అది దొమ్. హోటల్లో, సెలూన్లో, బారులో యజమాని తన తరఫున ఇచ్చేది సొబిసు. సంతలోది ఒక మాట పట్టుకుంటే, కొట్టులో కూర్చుని పొందేది ఇంకో మాట పట్టుకుంది. సేవ అనే పెద్ద అర్థానికి 'బోంగ్సా' ముందునుంచే ఉంది. ఊరికి ఉచితంగా చేసే సేవ, స్వచ్ఛంద సేవ అదే. కస్టమర్ సర్వీస్, సర్వీస్ సెంటర్ అన్నప్పుడు మాత్రం మనకు తెలిసిన అర్థంలోనే సొబిసు వాడతారు. ఒకే మాటకి రెండు అర్థాలు. ఎక్కడ, ఎవరు, ఏం చేస్తూ అన్నారో చూస్తేనే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు కారణం దగ్గరికి వద్దాం. కొరియన్ పదాల్లో మూడు పొరలున్నాయి. అచ్చ కొరియన్ ఒకటి, శతాబ్దాలుగా చైనీస్ నుంచి వచ్చి కలిసిపోయినవి రెండు, ఇంగ్లీషు వగైరా మూడు. మనకూ అంతే కదా: నీళ్ళు, జలం, వాటర్. మూడూ ఒకటే అనుకుంటాం గానీ ఎవరూ "జలం తాగుతావా" అని అడగరు, "వాటర్ బాటిల్"ని నీళ్ళ సీసా అనేవాళ్ళూ తక్కువే. మూడు మాటలుంటే మూడూ పని పంచుకుంటాయి.

కొరియన్‌లో కోడి 'దాక్'. పెరట్లో తిరిగే కోడీ, మార్కెట్లో తూచే కోడిమాంసమూ అదే. మరి చిఖిన్ ఏమిటి? వేయించిన కోడి మాత్రమే. ఉడకబెట్టి జావలా చేసిన కోడిని చిఖిన్ అంటే కొరియన్లు అయోమయంగా చూస్తారు. వేయించిన చికెన్ షాపులు ఊరూరా వెలిశాక ఆ వంటకి పేరు కావలసి వచ్చింది, ఇంగ్లీషు మాట అక్కడ కూర్చుంది. చిఖిన్‌లో మొదటి అక్షరం, బీరు అనే అర్థమున్న 'మేక్‌జు'లో మొదటి అక్షరం కలిపి 'చిమేక్' అని ఇంకో మాట కూడా చేసుకున్నారు. తెలుగులో చికెన్ అంటే మాంసం, కోడి అంటే పక్షి. "చికెన్ కూస్తోంది" అని మనం అనం. మనం గీసుకున్న గీత ఒక చోట, వాళ్ళు గీసుకున్న గీత ఇంకో చోట, అంతే తేడా.

అలాగే నోటుపుస్తకానికి 'గోంగ్‌చేక్' ఉంది. అందుకని నోథుబుక్ అంటే ల్యాప్‌టాప్. ఆఫీసులో "నోథుబుక్ తీసుకురండి" అంటే డైరీ, పెన్ను పట్టుకెళ్ళకండి. ఆరోగ్యానికి 'గొన్‌గాంగ్' ఉంది. అందుకని హెల్సు అంటే జిమ్ములో చేసే కసరత్తు. "హెల్సు చేస్తున్నాను" అంటే బరువులు ఎత్తుతున్నాను అని. కత్తికి 'ఖాల్' ఉంది. అందుకని నైఫ్ అనే మాట బల్లమీద ఫోర్కు పక్కన పెట్టే కత్తికే పరిమితమైంది. ఇంటికి 'జిప్' ఉంది. హౌస్ అనే మాట పొలానికి పోయింది: ప్లాస్టిక్ కప్పిన గ్రీన్‌హౌస్‌ని బినిల్‌హవుసు అంటారు, చలికాలంలో దాంట్లో పండిన స్ట్రాబెర్రీ 'హవుసు' స్ట్రాబెర్రీ.

అన్నిటికన్నా ఆసక్తికరమైనది మిథింగ్. సమావేశానికి 'హ్వేయి' అనే గట్టి మాట ఉంది. అందుకని మిథింగ్ విద్యార్థుల్లోకి వెళ్ళింది. ముగ్గురు అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు, ఎవరికీ ఎవరూ తెలియదు, ఒక కాఫీ షాపులో కలుస్తారు. అది మిథింగ్. తర్వాత ఒకరికి ఒకరిని పరిచయం చేసే పద్ధతి వచ్చింది. పరిచయం అంటే 'సోగే'. దానికి మిథింగ్ తోక తగిలించి సోగేథింగ్ అన్నారు. అక్కడినుంచి 'థింగ్' అనే ముక్క విడిపోయి ప్రత్యయమైపోయింది. అప్పటికప్పుడు అనుకుని కలిస్తే బొన్గేథింగ్ (బొన్గే అంటే మెరుపు), కాలేజీలో ఒక డిపార్ట్‌మెంట్ ఇంకో డిపార్ట్‌మెంట్‌తో కలిస్తే గ్వాథింగ్. ఇంగ్లీషులో ఆ ముక్కకి విడిగా ఇలాంటి అర్థమే లేదు. సోగేథింగ్‌లో ఒకసారి కలిశాక ఇంకోసారి కలుద్దామా అని అడగడాన్ని ఏఫుథొ అంటారు, అంటే ఆఫ్టర్. "ఏఫుథొ వచ్చిందా" అని స్నేహితులు అడుగుతారు. ఇవన్నీ వింటే ఆ భాష ఎంత చురుకుగా మాటల్ని తన చేతిలోకి తీసుకుంటుందో తెలుస్తుంది. ఈ భాష నేర్పడంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

ఇక్కడో హెచ్చరిక. ఈమధ్య ఆఫీసుల్లో పని సమావేశాన్ని కూడా మిథింగ్ అంటున్నారు, ముఖ్యంగా బయటి కంపెనీవాళ్ళతో కలిసేదాన్ని. కాబట్టి మీ మేనేజర్ మిథింగ్ ఉందంటే కంగారుపడకండి. మాట పాత అర్థాన్ని ఉంచుకునే కొత్తది తెచ్చుకుంది.

రెండో దారి జపాన్. 1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ ఏలుబడిలో ఉంది. అప్పటికే జపనీయులు ఇంగ్లీషు మాటల్ని తమకు నచ్చినట్టు కుదించి, అర్థం మార్చి వాడుతున్నారు. ఆ మాటల్లో చాలా కొరియన్‌లోకి తయారు సరుకుగా వచ్చేశాయి. ఆ రాకపోకలు తర్వాత కూడా సాగాయి. ఈ మాటల విషయంలో ఖాళీ చోటు సూత్రం అంతగా పనిచేయదు, ఎందుకంటే అర్థం మారింది కొరియాలో కాదు.

కారు స్టీరింగ్‌ని హేండుల్ అంటారు. గోడలో ప్లగ్గు పెట్టే సాకెట్టు ఖోన్సెన్థు. కాన్సెంట్రిక్ ప్లగ్ అన్న మాటను జపాన్‌లో సగానికి కోస్తే మిగిలిన ముక్క అది. పరీక్షలో కాపీ కొట్టడం ఖొన్నింగ్, అంటే కన్నింగ్. మీట నొక్కితే ములుకు బయటికొచ్చే పెన్సిల్ షాఫు. 1915లో జపాన్‌లో హయకవ టొకుజి అనే ఆయన చేసిన పెన్సిల్ పేరులోని షార్ప్ అది, తర్వాత ఆయన కంపెనీకీ అదే పేరు పెట్టారు. స్టాప్లర్‌ని హోచిఖిసు అంటారు, అది హాచ్‌కిస్ అనే పాత అమెరికన్ కంపెనీ పేరు. మనం ఫొటోకాపీని జిరాక్స్ అన్నట్టే. కుట్టుమిషన్‌ని మిషింగ్ అంటారు, మెషీన్ నుంచి. "మిషను నేర్చుకుంటోంది" అంటే మన ఊళ్ళో ఏ మిషను అని ఎవరూ అడగరు కదా, కుట్టుమిషనే. వాళ్ళకీ అంతే. దీన్ని చెప్పినప్పుడు నా క్లాసులో టైలరింగ్ వచ్చిన అమ్మాయిలకి ముందుగా అర్థమవుతుంది.

ఇక తెలుగువాళ్ళు తప్పకుండా బోల్తాపడే మాట థెన్షొన్. మనకి టెన్షన్ అంటే దిగులు, ఆందోళన. కొరియన్‌లో ఈ రోజుల్లో జనం మాట్లాడే థెన్షొన్ అంటే హుషారు, ఊపు. ఇది కూడా జపాన్ వాడుకే. టీవీ షోల్లో "థెన్షొన్ పెంచండి" అని అరుస్తారు. "ఇవాళ నీ థెన్షొన్ ఎందుకింత తక్కువగా ఉంది" అని కొలీగ్ అడిగితే, నువ్వు నిశ్చింతగా ఉన్నావు అని మెచ్చుకోవడం కాదు. ఎందుకలా నీరసంగా ఉన్నావు అని. మీరు "నాకు చాలా థెన్షొన్‌గా ఉంది" అంటే, మంచి ఊపులో ఉన్నారని సంతోషిస్తారు. మన దిగులుకి సరైన మాట 'గిన్‌జాంగ్' లేదా 'సుథురెసు', అంటే స్ట్రెస్. స్ట్రెస్ 'పడ్డాను' అనరు, 'అందుకున్నాను' అంటారు: సుథురెసు బత్తా.

దీనికి చుట్టంలాంటిదే ఖొన్దిషొన్. మన దగ్గర "కండిషన్ ఎలా ఉంది" అంటే ఐసీయూ బయట అడిగే ప్రశ్న. అక్కడ పొద్దున్నే అడిగే మామూలు ప్రశ్న: ఒంట్లో ఎలా ఉంది, నిద్ర పట్టిందా అని. "ఖొన్దిషొన్ బాగాలేదు" అని ఎవరైనా అంటే అంబులెన్స్ పిలవకండి. కొంచెం అలసటగా ఉందంతే.

మూడో పద్ధతి కత్తిరింపు. కొరియన్ లిపిలో అక్షరాలు గుణింతంలా గుత్తులుగా ఉంటాయి. హల్లు పక్కన హల్లు వస్తే మధ్యలో 'ఉ' చేరుతుంది, కాబట్టి ఇంగ్లీషులో ఒక గుక్కలో అనేసే స్ట్రైక్ అక్కడ సు-థు-రా-యి-ఖు అని సాగిపోతుంది. అంత పొడుగు మాట రోజూ అనలేరు కనుక నరికేస్తారు. ఎయిర్ కండిషనర్ ఎయొఖొన్, రిమోట్ కంట్రోల్ రిమోఖొన్. ఈ రెండూ జపాన్‌లో నరికి తెచ్చినవే. కొరియన్లు సొంతంగా నరికినవి ఇంకా ముచ్చటగా ఉంటాయి. సెల్ఫ్ కెమెరా అనేది సెల్ఖా, అంటే సెల్ఫీ. 'మెంటల్'కి కూలిపోవడం అనే కొరియన్ మాటలో మొదటి అక్షరం చేర్చి మెన్‌బుంగ్: బుర్ర పనిచేయకుండా పోయే పరిస్థితి. ఇక్కడ కూడా జాగ్రత్త. తెలుగులో మెంటల్ అంటే తిట్టు. కొరియన్‌లో మెన్థల్ అంటే మానసిక బలం. "అతని మెన్థల్ గట్టిది" అంటే పొగడ్త.

స్పెసిఫికేషన్స్‌ని నరికితే సుఫెక్. దాన్ని యంత్రం మీదినుంచి తీసి మనిషికి అంటించారు. మార్కులు, ఇంగ్లీషు పరీక్ష స్కోరు, ఇంటర్న్‌షిప్, సర్టిఫికెట్లు, ఉద్యోగానికి వెళ్ళే కుర్రాడి దగ్గరున్నవన్నీ కలిపి అతని సుఫెక్. 'సుఫెక్ పేర్చుకోవడం' అని ఒక నుడికారమే ఉంది. మనిషిని ఫోను కొన్నట్టు చూసే కాలం ఆ ఒక్క మాటలో దొరుకుతుంది. నాకు ఆ మాట విన్నప్పుడల్లా మన ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట కోచింగ్ బోర్డులే గుర్తొస్తాయి.

మాట మీద చరిత్ర ముద్ర ఎలా పడుతుందో చూడాలంటే ఐఎంఎఫ్ చాలు. మనకది దేశాలకు అప్పులిచ్చే, వాషింగ్టన్‌లోని సంస్థ. కొరియాలో నలభై దాటినవాళ్ళతో మాట్లాడుతుంటే "ఐఎంఎఫ్ అప్పుడు మా నాన్న ఉద్యోగం పోయింది", "ఐఎంఎఫ్ పేలినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను" అంటారు. సంస్థ పేలడమేమిటని తికమకపడతాం. 1997 చివర్లో కొరియా విదేశీ మారకం అడుగంటి, డిసెంబరు 3న ఐఎంఎఫ్‌తో అప్పు ఒప్పందం కుదుర్చుకుంది. కంపెనీలు మూతపడ్డాయి, జీవితాంతం ఉంటుందనుకున్న ఉద్యోగాలు ఊడిపోయాయి. 1998 మొదట్లో జనం దేశం కోసమని ఇంట్లో బంగారం తెచ్చి ఇచ్చారు. ఆ కష్టకాలం మొత్తానికి ఆ సంస్థ పేరే పేరైపోయింది. 2001లో అప్పు తీరిపోయింది, మాట మాత్రం ఉండిపోయింది. దాని వెనుక బాధ ఉంటుంది కాబట్టి ఎవరైనా ఆ మాట ఎత్తితే కాస్త నెమ్మదిగా వినండి.

మీరు వెళ్ళేది కంపెనీలోకి కనుక ఆఫీసు మాటలు విడిగా చెప్పాలి.

ఖుల్లేయిమ్. క్లెయిమ్ అంటే మనకి వెంటనే తోచేది ఇన్సూరెన్స్, డబ్బు. కొరియన్‌లో మొదటి అర్థం ఫిర్యాదు. ఒక విడిభాగాల కంపెనీలో పొద్దున మీటింగ్‌కి దుబాసీగా కూర్చున్నాను. నేను ఇంకో బల్ల దగ్గర ఉండగా, కొరియన్ క్వాలిటీ మేనేజర్ ఒక ప్లాస్టిక్ కవరు చేతిలో పట్టుకుని, దాని అంచున గోటితో గీసినంత సన్నని గీత చూపించి "ఖుల్లేయిమ్ దురొవాస్సొయో" అన్నాడు. ఫిర్యాదు వచ్చింది అని. ఎదురుగా ఉన్న మన ఇంజినీరుకి క్లెయిమ్ ఒక్కటే అర్థమైంది. చకచకా రాసుకుని, ఎంత మొత్తం, ఎప్పటిలోగా కట్టాలి అని అకౌంట్స్‌కి మెయిల్ పెట్టేశాడు. మధ్యాహ్నానికి అది పై మేనేజర్ దాకా వెళ్ళింది. అసలు కావలసింది ఆ గీత ఏ మిషన్ దగ్గర పడుతోందో కనిపెట్టి, సాయంత్రానికి కారణం, దిద్దుబాటు రాసివ్వడం. సగం రోజు పోయింది. ఫిర్యాదు ముదిరితే డబ్బు దాకా వెళ్ళవచ్చు, అప్పుడూ అదే మాట వాడతారు. కాబట్టి ఆ మాట వినగానే "ఫిర్యాదా, నష్టపరిహారమా" అని అడిగెయ్యండి. ఎవరూ తప్పుపట్టరు.

ఖొన్ఫొమ్ అంటే కన్ఫర్మ్, కానీ దాని అర్థం పైవాళ్ళ ఆమోదం. "ఖొన్ఫొమ్ అందిందా" అంటే బాస్ ఒప్పుకున్నాడా అని; టికెట్ ఖరారు లాంటిది కాదు. నేగో అంటే నెగోషియేషన్ ముక్క, బేరమాడి ధర తగ్గించడం. ఒఫిల్ అంటే అప్పీల్. మనకి కోర్టు గుర్తొస్తుంది, వాళ్ళకి తన బలాన్ని ఎదుటివాళ్ళ కళ్ళకు కట్టేలా చూపడం. ఫ్యాక్టరీలో మిషొన్ అంటే ట్రాన్స్‌మిషన్, గేర్‌బాక్స్. టీవీలో అదే మాట ఆటగాళ్ళకిచ్చే పని. ఫొంఖు అంటే టైరు పంక్చర్, అంతవరకు మనదే. కానీ వస్తానని రాకపోవడం కూడా 'ఫొంఖు తీయడం'. అది మీ గురించి అనిపించుకోకండి, కొరియన్ ఆఫీసులో దానికన్నా చెడ్డపేరు లేదు.

కొరియా వెళ్ళాల్సి వస్తే ఇంటి మాటలు. బిల్లా అంటే విల్లా. హైదరాబాద్‌లో విల్లా అంటే కోట్ల మాట. అక్కడ బిల్లా అంటే నాలుగంతస్తులు దాటని చిన్న ఫ్లాట్ల బిల్డింగ్, మామూలుగా అపాథు కన్నా చవక. అపాథు అంటే పెద్ద టవర్ల సముదాయం, మధ్యతరగతి కోరుకునేది అదే. కంపెనీవాళ్ళు బిల్లా ఇస్తామన్నారని ఇంట్లో అందరికీ చెప్పేయకండి. ఒకే గది ఇల్లు వొన్‌రూమ్. ఆఫీసు, హోటల్ కలిపి చేసిన మాట ఓఫిసుథెల్, పని చేసుకోవడానికీ ఉండడానికీ కుదిరే బిల్డింగ్. ఆ 'థెల్' కూడా థింగ్ లాగే తోకైపోయింది: పరీక్షలకు చదివేవాళ్ళుండే మంచం పట్టేంత గది గోషిథెల్.

మూడు మాటలు నోట రానివ్వకండి. గ్లామర్ అంటే మనకి సినిమావాళ్ళ కళ, మెచ్చుకోలు. కొరియన్‌లో అది స్త్రీ శరీర ఆకృతి గురించిన మాట, ఆఫీసులో అంటే గొడవవుతుంది. హోటల్ రూముకి బుకింగ్ అనకండి, ఆ మాట నైట్‌క్లబ్బుల్లో వెయిటర్లు అమ్మాయిల్ని వేరే బల్లకి తెచ్చి కూర్చోబెట్టడానికి వాడతారు. గోల్ఫ్ ఆడేవాళ్ళు మాత్రం మామూలుగానే వాడతారు. రిజర్వేషన్‌కి 'యేయాక్' అనండి. ఓబైథు అంటే ఓవర్‌ఈట్ అన్నట్టే వినిపిస్తుంది, అర్థం మాత్రం వాంతి. భోజనం దగ్గర వద్దు.

ఇక "తప్పుడు ఇంగ్లీషా" అన్న ప్రశ్న. ఈ మాట మన దగ్గర తేలిగ్గా అనేస్తారు, నాకు అది నచ్చదు. కరెంటు పోయింది అంటాం. ఇంగ్లీషువాడికి కరెంట్ అంటే ప్రవాహం, అది పోవడమేమిటో అర్థం కాదు. హోటల్ అంటే మనకి తినే చోటు, పడుకునే చోటు లాడ్జి. "వాడు ఫీలయ్యాడు" అంటే ఏమి ఫీలయ్యాడో చెప్పక్కర్లేదు, బాధపడ్డాడని అందరికీ తెలుసు. ఇవి తప్పుడు ఇంగ్లీషు కాకపోతే సొబిసు కూడా కాదు. కొన్నిచోట్ల రెండు భాషలూ ఎవరికి వారుగా ఒకే చోటికి వచ్చాయి. "ఓవర్ చేయకు" అని మనం అంటామా, కొరియన్లు "ఓబా హాజి మా" అంటారు, అచ్చంగా అదే అర్థం, అదే వాక్యం. ఇంగ్లీషు మాటకి మనం 'చేయు' తగిలించినట్టు వాళ్ళు 'హాదా' తగిలిస్తారు. తెలుగువాళ్ళకి కొరియన్ వాక్యం తొందరగా పట్టుబడడానికి ఇలాంటి పోలికలు చాలా సాయం చేస్తాయి.

పైగా ఈ మాటలు తిరిగి ఇంగ్లీషులోకే వెళ్తున్నాయి. 2021 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ 26 కొరియన్ మూలం మాటల్ని చేర్చింది. వాటిలో ఉత్సాహపరచడానికి అరిచే 'ఫైటింగ్', ఆప్యాయంగా తాకడం అనే అర్థమున్న 'స్కిన్‌షిప్' ఉన్నాయి.

అలాగని కొరియాలో అందరూ దీన్ని సంబరంగా చూస్తారనుకోకండి. జాతీయ కొరియన్ భాషా సంస్థ ఇలాంటి మాటలకి బదులుగా కొరియన్ మాటలు సూచిస్తూ ఉంటుంది. ఇంటర్నెట్‌లో కామెంటుని మొదట్లో రిప్లై ముక్కతో 'రిఫుల్' అనేవాళ్ళు. దానికి బదులు వచ్చిన 'దేత్‌గుల్' నిజంగా నిలబడింది, ఇవాళ అందరూ అదే అంటారు. కానీ చెడ్డ కామెంటుని మాత్రం ఇప్పటికీ 'అక్‌ఫుల్' అంటారు, ఆ తోకలో రిప్లై దాక్కునే ఉంది. ఫైటింగ్‌కి బదులు సూచించిన మాటలు మాత్రం దాన్ని పక్కకు నెట్టలేకపోయాయి. ఉత్తర కొరియా అసలు ఈ దారిలో రాలేదు. అక్కడినుంచి దక్షిణానికి వచ్చినవాళ్ళు ఒకే భాష అయినా ఈ ఇంగ్లీషు మాటల దగ్గరే బాగా ఇబ్బంది పడతారు.

ఎలా నేర్చుకోవాలంటే నేను నా విద్యార్థులకి చెప్పేది ఒక్కటే: మాటను ఒంటరిగా రాసుకోవద్దు, దాని క్రియతో కలిపి రాసుకోండి. సొబిసు పక్కన 'ఇవ్వడం' ఉంటే అది కొసరు. ఖుల్లేయిమ్ పక్కన 'తగిలించడం' ఉంటే ఫిర్యాదు చేయడం, 'లోపలికి రావడం' ఉంటే ఫిర్యాదు అందడం. మెన్థల్ పక్కన 'బయటికి పోవడం' వస్తే మతిపోయింది. స్సొమ్, అంటే ఇంగ్లీషు సమ్‌థింగ్ ముక్క, దాని పక్కన 'ఎక్కడం' వస్తే ఇద్దరిమధ్య ఇంకా ప్రేమ అని చెప్పుకోని ఏదో నడుస్తోందని. క్రియ మారితే అర్థం మారుతుంది, క్రియ తెలిస్తే ఊహించే పని తప్పుతుంది. అర్థం మారకుండా వచ్చిన మాటలు కూడా బోలెడు, బస్సు, కాఫీ, కంప్యూటర్ లాంటివి. వాటి మీద టైం పెట్టకండి.

ఉచ్చారణ విషయంలో మొహమాటం వద్దు. ఇంగ్లీషు స్కూల్లో నేర్చిన 'హెల్త్' అంటే కొరియన్ పెద్దవాళ్ళకి అర్థం కాదు, 'హెల్-సు' అని ప్రతి అక్షరానికీ సమానంగా బరువిచ్చి పలకండి. మా క్లాసులో ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళే దీనికి ఎక్కువ సమయం తీసుకుంటారు.

ఇంటర్వ్యూ గురించి. మీ కొరియన్ మొదటి మెట్టులోనే ఉంది కాబట్టి, గుర్తుపట్టడానికి ఇవన్నీ నేర్చుకోండి, వాడడానికి కొన్నే ఉంచుకోండి. ఖొన్ఫొమ్, ఖుల్లేయిమ్, నోథుబుక్ నిరభ్యంతరంగా వాడొచ్చు. సమావేశానికి హ్వేయి అనండి, అది ఎక్కడా తప్పు కాదు. ఓబా, మెన్‌బుంగ్, స్సొమ్ వయసులో సమానమైనవాళ్ళతో మాత్రమే. ఫైటింగ్‌ని డిక్షనరీ పద్ధతిలో 'ఫాయిథింగ్' అని రాస్తారు, 1986 నాటి రాత నియమాల ప్రకారం అదే సరి. జనం నోట వినిపించేది ఎక్కువగా 'హ్వాయిథింగ్'. పరీక్షలో రాస్తే మొదటిది రాయండి. ఇంటర్వ్యూ అయ్యాక బయట మీలాగే వంతు కోసం కూర్చున్న వాళ్ళతో రెండోది అనండి. లోపల ఉన్న డైరెక్టర్‌తో మాత్రం అనకండి, పెద్దవాళ్ళకి మనం ధైర్యం చెప్పినట్టు ఉంటుంది. ఆయనతో వంగి నమస్కరించి 'గమ్సాహమ్నిదా' అంటే సరిపోతుంది.